బూడిద కడిగిన జొన్నలు

సుబ్బమ్మా,

నీకు చదువు రాదు. నువ్వు ఉన్నా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించాల్సి వచ్చేది.

నువ్వు పోయాక ఏడాదికి, నిన్న ఉదయగిరి కొండ మీంచి వాన దిగింది. పొలం పదునైంది.

నెల్లూరు కచేరీ రాతపనిలో ఊపిరాడడం లేదని, ఆత్మకూరు పక్కన ఈ పల్లెలో నిదానంగా బతుకుదామని నిన్నూ పిల్లనూ తీసుకొచ్చింది నేనే. వచ్చిన ఏడాదే కరువు మొదలైంది. ఆకలితో జ్వరపడి కూడా విత్తనాల కుండలోంచి గంజికి పిడికెడు జొన్నలు తియ్యనివ్వలేదు నువ్వు.

నువ్వు పోయాక చూస్తే ఆ జొన్నల నిండా బూడిద. పొయ్యిలోది పడిందనుకున్నాను. నువ్వు దాచిన విత్తనం గదా అని శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కుండకెత్తాను.

ఇవాళ మూత తీస్తే అంతా పురుగు, పిండి.

పక్కింటి అవ్వ నెత్తి కొట్టుకుంది. "బూడిద కడిగేస్తే పురుగు పట్టదా నాయనా? ఆయమ్మ అందుకే గదా కలిపి పెట్టింది!"

ఊళ్ళో ఇంకెవరి దగ్గరా విత్తనం లేదు. నేను వాకిట్లో కూలబడి ఉంటే మన పిల్ల రమణమ్మ వచ్చి కుండలోకి తొంగి చూసింది. దాని ముఖం వెలిగింది.

"పిండే అయిపోయినాది గదా నాయనా. ఇప్పుడైనా సంగటి చేస్తావా?"

కాదనడానికి నువ్వు లేవు. లేచి జల్లెడ తెచ్చాను.