ఊలు చిలప పట్టిన చేతులు

శ్రీకాకుళం, 1968 డిసెంబరు, బుధవారం రాత్రి

ఈయన ఆఫీసు నుంచి వస్తూనే అందుకున్నారు. "నువ్వు పైడమ్మ ఊలు కొట్టు అరుగు మీద కూకుంతన్నావట. ఆఫీసులో నవ్వుతన్నారు. అల్లుకోడానికి ఇంటికాడ సోటు లేదేటి?"

నవ్వనీ. మా చంటి బాబు జ్వరంతో పోయాక ఆ నవ్వేవాళ్ళలో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. నేను ఊలు కొనడానికి కాదు, ఇంట్లో ఉండలేక ఆ అరుగెక్కాను. పైడమ్మప్ప ఏమీ అడగలేదు. నా రెండు చేతులకూ వదులుగా చుట్టిన పోగుల ఊలు చిలప ఒకటి తగిలించి, "కదపకమ్మా, ఉండ సుట్టుకుంతాను" అంది. అప్పటి నుంచి అక్కడ ఎవరో ఒకరికి నా చేతులు కావాలి. భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే సింహాచలం, గంప దించి నా చిలప పట్టుకుంటుంది. మా అత్తగారికి తెలిస్తే, చేపలమ్మే చేయి తగిలిందని ఊలంతా ఉతికిస్తారేమో. ఉతికించనీ.

ఎర్ర చిలప తెచ్చి ఈయన చేతులకే తగిలించాను. "ఇంటికాడే అల్లుకోమన్నారు కదా, పట్టుకోండి" అని ఉండ చుట్టడం మొదలుపెట్టాను.

సగం కాకముందే, "సేతులు లాగేస్తన్నాయే" అన్నారు.

"ఆ అరుగు మీద ఏ ఒక్కరూ ఆ మాటనరు" అన్నాను.

ఆయన చేతులు మాత్రం దించలేదు. బాబు గుర్తొచ్చాడో ఏమో...

రేపు మధ్యాహ్నం కొట్టుకు వెళ్తానని చెప్పాను. వెళ్ళనా అని అడగలేదు.