మా బావ చదవని నలభై పుస్తకాలు

గ్రంథాలయం మేడమ్ గారికి,

ఉత్తమ పాఠకుడని మా బావ కాశయ్యకు ఆదివారం శాలువా కప్పుతామన్నారు. ఈ ఏడాది నచ్చిన పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. మేడమ్, కాశయ్యనని చెప్పి నలభై పుస్తకాలూ తీసుకుపోయింది నేను. బావమరిది పరాచికం! ఆయనకు అక్షరం ముక్క రాదు.

కబురు విని నేనొక్కణ్ణే నవ్వాను. "ఆయన్ను నలుగుర్లో నిలబెట్టినావు గదరా!" అని అక్క ఏడ్చింది. బావ తిట్టనైనా తిట్టలేదు. "పిలిచినాక పోవాల గదరా," అంటూ పలక కొనుక్కొచ్చి దిద్దుతున్నాడు. నాలుగు రోజులైనా 'ఈ' దాటలేదు.

నన్ను ఏమైనా అనండి. శాలువా మాత్రం రద్దు చేయకుండా వచ్చే ఏటికి వాయిదా వేయండి. పుస్తకాలు నేను చదివి వినిపిస్తాను. రిజిస్టర్లో సంతకం ఆయనే పెడతాడు.

ఇట్లు,
మీరు కాశయ్య అనుకున్న మనిషి