ఫ్లాపీ సందులోంచి వెచ్చగాలి

జూన్ 4

నా చేతిరాత కుదురుగా ఉండదు. తప్పులు కూడా దొర్లుతాయి, మన్నించాలి. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు.

ఈ డైరీ మా అమ్మాయి ఇచ్చింది. వాళ్ళమ్మ రోజూ ఏం తిన్నదీ, ఏ చెయ్యి ఎంత లేచిందీ రాసిపెట్టు నాన్నా, డాక్టరు అడుగుతారు అంది. రాస్తాను. మిగతావి కూడా రాస్తాను. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మాట్లాడే పని మా ఆవిడది, వినే పని నాది. ఇప్పుడు ఆమెకు మాట పోయింది. నరాల జబ్బు. మొదట నాలుక, తర్వాత చేతులు అన్నారు.

పాలు అరగ్లాసు తాగింది. ఎడమ చెయ్యి భుజం దాకా లేచింది.

జూన్ 9

కంప్యూటర్ షాపాయనను అమ్మాయి వెంటబెట్టుకొచ్చింది. మనిషి లావు, నోరు ఊరుకోదు. టైప్ చేస్తే పైకి చదివే కంప్యూటర్ ఉందన్నాడు. ఫోటో చూపించాడు. నల్లటి డబ్బా, పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. ఆమె పలక మీద వంకరగా రాసింది, సర్కస్ డేరాలా ఉంది అని. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆమె ఇంకో మాట రాసి కుట్టుమిషన్ కిందికి వేలు చూపించింది. నా డబ్బా అని.

తీసి ఆమె ముందు పెట్టాను. అది ఆమె ఆఫీసులో వాడిన కంప్యూటర్. మానిటర్ కింద పడుకుని ఉండే రకం, పాతదైపోయి పసుపురంగు తిరిగింది. రిటైరైన రోజు వాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకుంది. ఎందుకే ఇది అంటే, రోజూ మీకన్నా ఎక్కువగా దీని ముఖమే చూశానండీ అంది అప్పట్లో.

కొత్త సామాను ఈ పాత డబ్బాలోనే పెట్టమంటోంది. షాపాయన అన్నాడు, ఎద్దుబండికి విమానం ఇంజను పెడతామంటారేంటి పెద్దాయనా, కొలతలేవీ కలవవు అని. అమ్మాయి ఊరుకోలేదు. మా నాన్న రేకుపని చేసేవాడండీ, మీరు సామాను ఇవ్వండి, డబ్బా సంగతి ఆయన చూసుకుంటాడు అంది. ఆమె అరచెయ్యి ఎత్తి పాత డబ్బా స్విచ్చి మీద వేసింది. ఠక్కుమంది. ఫోటోలో కొత్తదాని బటన్ గోరంత. ఆమె వేలికి అది దొరకదు. ఆయన సామాను పంపిస్తానన్నాడు.

జూన్ 12

పాత సామానంతా ఊడదీశాను. దుమ్ము పిడికెడు. అడుగున ఆమె తలపిన్ను ఒకటి దొరికింది. కడిగి ఆమె జడలో పెట్టాను.

జూన్ 14

మదర్‌బోర్డ్ చిన్నది, డబ్బా పెద్దది. ఒక్క స్క్రూ బెజ్జం కూడా కలవలేదు. అట్టముక్క మీద బోర్డ్ గీసుకుని, నూనె డబ్బా రేకుతో పళ్ళెం చేసి, దాని మీద బిగించాను. పవర్ సప్లై కూర్చోలేదు. వెనకభాగం కత్తిరించాల్సి వచ్చింది. ముందువైపు కూడా కత్తెర పెడతాననుకుందేమో, పలక ఎత్తి చూపించింది. ముఖం కొయ్యకండి.

కొయ్యను అన్నాను.

జూన్ 15

కుడి చెయ్యి పూర్తిగా పోయింది.

జూన్ 19

పని అయింది. షాపాయన వైర్లు కలిపి, మాట్లాడే ప్రోగ్రాం ఎక్కించి పోయాడు. అరచేత్తో స్విచ్చి తనే నొక్కింది. ఎడమ చూపుడువేలుతో ఒక్కొక్క అక్షరం కొట్టి, చదివే బటన్ నొక్కింది. ఏమండీ అంది అది.

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఇంకొకటి సిద్ధంగా ఉంచింది. ఎక్కడికి పోయారు, చిన్నపిల్ల గొంతు ఇచ్చారు నాకు, ముసలితనంలో మీకు అదృష్టం పట్టింది అని. అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పుకుంది.

జూన్ 24

ఈమధ్య వేళ్ళు చల్లగా కొయ్యబారుతున్నాయి. ఒక మాట కొట్టడానికి చాలాసేపు. ఇవాళ కొట్టింది, ఫ్లాపీ సందులోంచి వెచ్చగా వస్తోందండీ, వేలుకు హాయిగా ఉంది అని. డబ్బా ముఖాన, పాత ఫ్లాపీ బిళ్ళలు దూర్చే ఆ సందు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. నిజమే, సన్నగా వెచ్చటి గాలి. కానీ చాలావరకు పక్క సందుల్లోంచి పోతోంది. వృథా.

జూన్ 26

పక్క సందులు, వెనక బెజ్జాలు అన్నీ రేకుతో మూసి టంకం వేశాను. ఫ్లాపీ సందు ముందు చిన్న గరాటు కట్టాను. వేడంతా ఇప్పుడు ఆమె చేతి మీదికే. లోపల బల్బు పెట్టి గదిలో తలుపులు మూసి చూశాను, నీళ్ళ తొట్టికి చిల్లులు చూసినట్టే. గరాటులోంచి తప్ప ఎక్కడా చుక్క వెలుతురు బయటికి రాలేదు. నేను చేసిన తొట్టి ఏదీ ఇంతవరకు కారలేదు.

ఆమె వేలు బాగా ఆడింది. మీ చేతిపని మీ నోటికన్నా తీపి అని చదివించింది. పొగిడిందా తిట్టిందా తెలియలేదు.

జూలై 1

ఎండలు తగ్గలేదు. ఆమెకు మాత్రం చలే. మింగడం కష్టంగా ఉంది.

జూలై 3

ఆమె చెప్పింది. మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి, అది పెద్దది, ఆదివారం అమ్మాయి వచ్చాక చదివిస్తాను, అప్పటిదాకా స్క్రీన్ వైపు చూశారో, చూడండి మరి అని. చూడను అన్నాను. డాక్టరు అమ్మాయితో అన్నాడట, ఆ వేలు ఇంక ఎన్నాళ్ళో లేదు అని.

జూలై 5, ఆదివారం

పొద్దుట్నుంచి కొడుతూనే ఉంది. నేను వీపు తిప్పి కూర్చున్నాను. టక్కు. చాలాసేపటికి ఇంకో టక్కు. మధ్యలో తుడవమని గొంతుతో శబ్దం చేసింది, చెమట పట్టిందేమోనని చూస్తే కన్నీళ్ళు. స్క్రీన్ చూడలేదు. మాట ఇచ్చాను కదా.

అమ్మాయి వచ్చింది. బస్సులో నిలబడే వచ్చానమ్మా, నీ ఉపన్యాసం బాగుండాలి మరి అంది. ఆమె కళ్ళతో నవ్వింది. ఇంకాస్త మిగిలింది, ఆగమన్నట్టు వేలెత్తింది.

అప్పుడు డబ్బాలో ఫ్యాన్ పెద్దగా అరిచింది. ఆగింది. స్క్రీన్ నల్లబడింది.

అదే రోజు, సాయంత్రం

షాపాయన వచ్చి మూత ఎత్తబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాలింది. లోపల చూశాడు, నా టంకం చూశాడు. స్క్రూడ్రైవరుతో దాన్నంతా తట్టి చూశాడు. చివరికి అన్నాడు, గాలి పోయే దారి ఉంటే చాలదు పెద్దాయనా, వచ్చే దారి కూడా ఉండాలి అని. ఫ్యాన్ లోపల తిరుగుతూనే ఉంది కదా బాబూ అన్నాను. ఆ వేడిగాలినే తిప్పింది అన్నాడు.

కొట్టింది దొరుకుతుందా అని అమ్మాయి అడిగింది. చదివే బటన్ నొక్కేదాకా ఆ ప్రోగ్రాం ఏదీ దాచుకోదట. దొరకదు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

జూలై 6

టంకం కరిగించి సందులన్నీ తెరిచాను. స్విచ్చి మీద ఆమె అరచెయ్యి నేనే పెట్టాను. ఠక్కుమంది. స్క్రీన్ వెలిగింది. కీబోర్డ్ మీద ఆమె వేలు పెట్టాను. కదల్లేదు.

జూలై 7

కదల్లేదు.

జూలై 11

ఇంటికొచ్చే నర్సు ఒక పద్ధతి చెప్పింది. నేను అక్షరాలు వరసగా చదవాలి, కావలసింది రాగానే ఆమె రెప్ప వేస్తుంది. బడిలో చదివినట్టే చదివాను, అ ఆ నుంచి. అమ్మాయి పక్కన కూర్చుంది. ఆదివారం చెప్పాలనుకున్నదేనా అమ్మా అని అడిగింది. ఆమె రెప్ప వెయ్యలేదు, మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

చ దగ్గర వేసింది. మళ్ళీ మొదట్నుంచి. ల దగ్గర వేసింది. గుణింతం చదివాను. లి.

చలి.

అమ్మాయి ఇంకా అంది, తర్వాత ఏంటమ్మా అని. ఆమె కళ్ళు మూసుకుంది. అంతే. రెండో దుప్పటి కప్పాను. చేతులు నా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. నావి కూడా చల్లగానే ఉన్నాయి.

జూలై 13

పొద్దున లేపితే లేవలేదు.

జూలై 29

అమ్మాయి తన ఇంటికి రమ్మంది. ఆ డబ్బా కూడా తెచ్చుకో నాన్నా, నేను వద్దంటానా అంది. తర్వాత వస్తానన్నాను. నిన్నుగానీ నేను ఏమన్నా అనుకుంటున్నాననుకుంటున్నావా అంది. లేదన్నాను. నువ్వు చేసింది చలికే కదా నాన్నా అంది. లేచి డబ్బా మీద దుమ్ము తుడిచాను. 

జూలై 30

డబ్బా ముఖానికి కత్తెర పెట్టాను. ఫ్లాపీ సందు పక్కన, బాగా గాలి లోపలికి పోయేలాగా. అంచులు ఆకురాయితో నున్నగా చేశాను.

ఆగస్టు 2

ఒక్క వేలుతో కొట్టాను. అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. బటన్ నొక్కాను. తప్పులతో సహా చదివింది, ఆ చిన్నపిల్ల గొంతు, ఎక్కడా నవ్వకుండా.

నేను కొట్టింది ఇది. ఏమేవ్. ఇప్పుడు గాలి బాగా వస్తోంది. డబ్బా ఆపలేదు, ఆపను. ఆదివారం మాట ఏదో నాకు తెలియాలి. తొందరగా జవాబు ఇయ్యి.