డిఫరెన్షియల్ మోత ఎవరిది?

బావకి నమస్కారం.

ఇక్కడ నేనూ మీ చెల్లెలూ క్షేమం. లారీ మాత్రం క్షేమం కాదు. ఈ కొండ మీద ఫోను పలకదని నీకు తెలుసు కదా, అందుకే ఉత్తరం రాసి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నీ షెడ్డు ముందు బస్సు ఆపి మరీ ఇస్తానన్నాడు.

నువ్వు వెనక ఇరుసు విప్పి, డిఫరెన్షియల్లో పాత గేర్లు తీసేసి కొత్త క్రౌను, పినియను గేర్లు బిగించి పంపావు. గేటు దాటేదాకా బాగానే ఉంది. బండి స్పీడు అందుకునేసరికి వెనక నుంచి "ఊఁ..." అని మొదలైంది. ఎవరో అలిగి ముక్కుతో మూలుగుతున్నట్టుంది.

ఊరికే అయితే భరించేవాణ్ణి. కంకర క్వారీ మూసేశారు. ఇక నాకున్న దిక్కు మా ఇంటి నుంచి దిగితే పల్లంలో ఉన్న హేచరీ ఒక్కటే. అక్కడ గుడ్లు పొదిగించి, పుట్టిన రోజే కోడిపిల్లల్ని పెట్టెల్లో సర్ది పట్నం ఫారాలకి పంపుతారు. అది నడిపే డాక్టరమ్మ చప్పుడు చేసే బండిని గేటు లోపలికి రానివ్వదట. పిల్లలు బెదిరి ఒకదాని మీద ఒకటెక్కి ఊపిరాడక చస్తాయట. త్వరలో నా లారీ ఎక్కి తనే పరీక్ష చేస్తానంది. ఆ పని దక్కకపోతే లారీ అమ్ముకుని నీ షెడ్డులో పానాలు తుడుచుకుంటూ బతకాలి. మోత పెట్టింది నువ్వు, తియ్యాల్సింది నువ్వే.

ఇట్లు,
నీ బావ

తా.క. చిన్నప్పుడు స్నానానికి పిలిస్తే నువ్వు సరిగ్గా ఇదే శ్రుతిలో ఏడ్చేవాడివట. మీ చెల్లెలు చెబుతోంది.

---

బావగారికి,

ఉత్తరం అందింది. కండక్టరు బస్సు ఆపేసరికి ప్రయాణికులంతా దిగి, నేను చదవడం అయ్యేదాకా నా మొహమే చూస్తూ నిలబడ్డారు. నా పరువు ఏ స్థితిలో ఉందో ముందు అది తెలుసుకో.

మోత నాది కాదు. గేరు పళ్ళకి రంగు పూసి తిప్పి చూశాను. గుర్తు సరిగ్గా పంటి నడుమ పడింది, అంటే బిగింపు సరైనదే. నువ్వూ చూశావు, చూసి తలూపావు. బహుశా ఆయిలు తగ్గి ఉంటుంది. బండిని చదునైన చోట నిలిపి, చల్లారనిచ్చి, ఇరుసు వెనక మూతకున్న బోల్టు విప్పి ఆ కన్నంలో వేలు పెట్టు. ఆయిలు కన్నం అంచుకి తగలాలి. తగలకపోతే తగిలేదాకా పొయ్యి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇంకో సంగతి. యాక్సిలరేటరు తొక్కితే మోతా, వదిలితే మోతా? అది చెప్పకుండా "ఊఁ" అని రాసి పంపితే నాకేం తెలుస్తుంది?

ఇట్లు,
మోతతో సంబంధం లేని బావ

తా.క. చెల్లాయికి చెప్పు, చిన్నప్పుడు ఏడ్చింది తను. తిట్లు తిన్నది నేను.

---

బావకి,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. మోత ఎక్కడున్నది అక్కడే ఉంది. ఆయిలే బయటికొచ్చింది.

ఇంటి ముందు బండి ఆపి బోల్టు విప్పాను. వేలు పెడితే పొడి! లోపలి కణుపుదాకా దూర్చినా తడి తగల్లేదు. ఇన్నాళ్ళూ ఎండు పళ్ళ మీద తిప్పానా అని డబ్బా ఎత్తి పోశాను. అది చాలక పక్కింటి ట్రాక్టరాయన దగ్గర ఇంకోటి తెచ్చి అంచుదాకా నింపాను. మర్నాడు బండి తీస్తే, ఇరుసు మీదున్న చిన్న గాలి మూతలోంచి నురగ కక్కింది. ఆయిలు సీళ్ళు దాటి చక్రాల డ్రమ్ముల్లోకి దిగింది. ఇప్పుడు బ్రేకు తొక్కితే బండి కాసేపు ఆలోచించుకుని ఆగుతోంది.

నువ్వడిగినదానికి జవాబు: తొక్కితేనే మోత. కాలు తీస్తే నోరు మూసుకుంటుంది.

ఇట్లు,
ఆయిలు కారుతున్న బావ

తా.క. నేనన్నయ్యా, చెల్లిని. కారిన ఆయిలు నేలపాలు కాకుండా ఈయన కింద పరిచింది నా కొత్త దుప్పటి. డిఫరెన్షియల్ సంగతి తర్వాత చూద్దువు గాని, దుప్పటికి ఆయిలు వదిలే మందేదైనా ఉంటే ముందు రాయి.

---

బావగారూ,

ఇంటి ముందా! మీ ఇంటి ముందు గుమ్మడికాయ కింద పెడితే బస్టాండులో వెతుక్కోవాలి. చదునైన చోట అని రాశానా లేదా? బండి ముక్కు పల్లానికి పెట్టి నిలబెడితే ఆయిలంతా ముందుకి జారిపోతుంది. వెనక కన్నంలో పొడి కాక ఇంకేం తగులుతుంది? కడుపు నిండి ఉన్నదానికి పీకలదాకా తాగించావు. కక్కక ఏం చేస్తుంది చెప్పు.

ఎక్కువైనది తీసెయ్యి. డ్రమ్ములు విప్పి శుభ్రంగా కడుగు. కడిగేదాకా బండి కదిపావంటే ఊరుకోను, మా చెల్లెలు నీ పక్కనే కూర్చుంటుంది. తర్వాత ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి నేల మీద పెట్టు. నీళ్ళు ఏ పక్కకీ ఒరగని చోట లారీ నిలిపి మళ్ళీ వేలు పెట్టు.

తొక్కితేనే మోత అని రాశావు. అలాంటి మోత గేర్ల బిగింపులోనే పుడుతుందంటారు, అందుకే ఆ వాక్యం చదివి కాస్త దగ్గొచ్చింది. అయినా మోత నాది కాదు.

ఇట్లు,
బావ

తా.క. చెల్లాయీ, దుప్పటికి మందు ఉంది. నల్ల రంగు.

---

బావకి,

పళ్ళెం మీ చెల్లెలి చేతికి, చెంబు నా చేతికి. ఊరంతా తిరిగాం. బడి ముందు పెడితే నీళ్ళు అటు పోయాయి, పోస్టాఫీసు ముందు పెడితే ఇటు పోయాయి. మేం వస్తుంటే జనం పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపులేసుకున్నారు.

చివరికి నీళ్ళు నిలిచిన చోటు దొరికింది. ఎక్కడో తెలుసా? హేచరీ వెనక సిమెంటు నేల. గుడ్ల తోపుడు బళ్ళు వాటంతటవి దొర్లకుండా చదునుగా పోయించారట. అంటే, ఎవరి చెవిన మోత పడకూడదో వాళ్ళ గడపలోకే బండి తోలాలి. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళే వేళ చూసి, ఇంటి దగ్గర ఇంజను వెయ్యకుండా బండిని న్యూట్రల్లో వదిలాను. అంతా పల్లమే కాబట్టి జారుకుంటూ గేటులోకి వెళ్ళిపోయాను. డ్రమ్ములు కడిగే వెళ్ళాను, కంగారు పడకు.

కింద పడుకుని వేలు పెడితే ఆయిలు సరిగ్గా అంచునుంది. హమ్మయ్య అనుకునేలోగా నా తల పక్కన రెండు చెప్పులు కనపడ్డాయి. డాక్టరమ్మ!

"ఈ లారీ ఎప్పుడొచ్చింది? నేను కిటికీ పక్కనే ఉన్నానే!"

"ఇప్పుడేనండీ."

"చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది నాకు. ఇంత నిమ్మళంగా వచ్చే బండి కోసమే చూస్తున్నానయ్యా. ఈ గురువారమే పిల్లల్ని ఎక్కించుకుని వెళదాం, నేనూ వస్తాను."

ఇంజను వేసి ఎత్తు ఎక్కాలంటే తొక్కాలి, తొక్కితే గుట్టు బయటపడుతుంది. ఆవిడ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా ఇరుసు తుడుస్తూనే ఉన్నాను. అంత శుభ్రమైన ఇరుసు ఇప్పుడు ఏ లారీకీ లేదు. మోత మాత్రం అలాగే ఉంది. ఏం చెయ్యను బావా?

ఇట్లు,
నీ బావ

తా.క. అన్నయ్యా, ఈయన పళ్ళెంలో నీళ్ళు ఎటు ఒరిగితే అటే ఒరిగి నడుస్తున్నాడు. ఇంట్లోకొచ్చాక కూడా.

---

బావా,

గురువారం అని చదవగానే చేతిలో పానా కాలి మీద పడింది. కుంటుతూ రాస్తున్నాను.

తొక్కితే మోత, తీస్తే లేదు. కాబట్టి తొక్కకు. కొండ దిగేదాకా ఇది పనిచేస్తుంది. ఆ తర్వాత గట్టిగా పాట పెట్టు. ఆవిణ్ణి మాటల్లో దించు, పిల్లల గురించి అడుగు. కోడిపిల్లల గురించి. ఏమిటా చప్పుడు అంటే గాలి అని చెప్పు. ఆ గండం గడిచాక ఆదివారం బండి తీసుకురా. తప్పు నాది కాదు, ఊరికే ఓసారి విప్పి చూస్తాను.

ఇట్లు,
బావ

తా.క. ఎట్టి పరిస్థితుల్లోనూ గేర్లు బిగించింది నేనని ఆవిడకి చెప్పకు. మోత నాది కాదు కనక చెప్పాల్సిన అవసరమూ లేదు.

---

బావకి,

పరీక్ష అయింది. నా పనీ అయింది.

పాట పెట్టాను. డాక్టరమ్మ చెయ్యి చాచి కట్టేసింది, పిల్లలకి పడదట. కొండ దిగాక తొక్కక తప్పలేదు. "ఊఁ" అని ఎత్తుకున్నది పట్నం దాకా దించలేదు. గాలండీ అన్నాను. ఆవిడ కిటికీ అద్దం ఎత్తింది. గాలి ఆగింది, ఊఁ ఆగలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఫారంలో పెట్టెలు తెరిస్తే పిల్లలన్నీ కదలకుండా పడి ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకదాన్ని వేలితో పొడిస్తే కళ్ళు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. బతికే ఉన్నాయి గానీ భయంతో బిగుసుకుపోయాయి పాపం. డాక్టరమ్మ "సరే, కబురు చేస్తాను" అని వెళ్ళిపోయింది. కబురు చేస్తానన్నవాళ్ళు చేసే కబురేమిటో నాకు తెలుసు.

నిజం చెబుతున్నాను బావా, నాకు చాలా దిగులుగా ఉంది. ఈ స్టీరింగు తప్ప నా చేతికింకేం రాదు. లారీ అమ్మకానికి బోర్డు రాయిద్దామంటే మీ చెల్లెలు ఏడ్చింది. కబురొచ్చేలోగా మోత తీయించి, ఇంకొక్కసారి చూడండమ్మా అని కాళ్ళావేళ్ళా పడతాను. ఆదివారం వస్తున్నాను.

ఇట్లు,
నీ బావ

తా.క. నేను ఏడవలేదన్నయ్యా. తుమ్మాను. కానీ ఆ మోత తియ్యి.

---

బావగారికి,

బండి ఇల్లు చేరిందనుకుంటాను. చేరినట్టు ఇంట్లో ఎవరికీ వినపడి ఉండదు. ఎలా ఉంది నా పని?

మళ్ళీ చెబుతున్నాను, నేను సరిచేసిందేమీ లేదు. పినియను వెనక కాగితమంత పల్చటి రేకు ఒకటి తీశాను, అదీ నీ తృప్తి కోసం. మోత పోయింది. దానికెప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోతుంది.

ఇట్లు,
మోత ఎన్నడూ పెట్టని బావ

తా.క. డాక్టరమ్మకి ఇప్పుడు చెప్పొచ్చు, బిగించింది నేనేనని.

---

బావకి,

కబురొచ్చింది. పని నాకే ఇచ్చింది డాక్టరమ్మ! నేను తబ్బిబ్బయిపోయి నిన్న మొదటి లోడు ఎత్తాను. ఆవిడ పక్కనే కూర్చుంది. నీ చలవ వల్ల లారీలో ఎక్కడా చప్పుడు లేదు.

గేటు దాటామో లేదో వెనక పెట్టెల్లో పిల్లలన్నీ ఒక్కసారిగా గోల అందుకున్నాయి. కీచుకీచుమని పట్నం దాకా చెవులు తూట్లు పొడిచేశాయి. ఒకదాని మీద ఒకటెక్కాయి, ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. డాక్టరమ్మ మొహం కందగడ్డలా అయింది.

"ఆ చప్పుడేదీ?"

"తీయించేశానండీ, మోతంటే మీకు పడదని."

"నాకు పడనిది గడగడలయ్యా! అది ఊఁ. మా పొదుగుడు గదిలో ఫ్యాన్లు పగలూ రాత్రీ అదే ఊఁ మీద తిరుగుతాయి. గుడ్డులో ఉన్నప్పటి నుంచీ విన్న చప్పుడు కాబట్టి మీ లారీలో హాయిగా నిద్రపోయాయి. నేనూ ఓ కునుకు తీశాను. ఆ చప్పుడు చూసే మీకు పనిచ్చాను. వచ్చే లోడుకి అది వెనక్కి రావాలి, లేకపోతే వేరే బండి చూసుకుంటాను."

అంతటితో వదల్లేదు. అది పెట్టిన మేస్త్రీ ఎవరో చెబితే హేచరీకి తిరిగే మిగతా లారీలన్నిటికీ పెట్టిస్తుందట. ఏం చెప్పను? మా బావ బిగించాడు గానీ మోత ఆయనది కాదటండీ అన్నాను. "అయితే ఎవరిదో కనుక్కుని అక్కడికే తీసుకెళ్ళండి" అంది. నువ్వేమో ప్రతి ఉత్తరంలోనూ నీది కాదని రాశావు. మరి ఎవరిదంటావు బావా?

ఇట్లు,
నీ బావ

తా.క. అన్నయ్యా, ఈసారి నిజంగానే ఏడ్చాను.

---

ప్రియమైన బావకి,

మోత నాది.

మొదటి నుంచీ నాదే. నేను తప్ప ఆ మోత ఇంకెవరూ పెట్టలేరని డాక్టరమ్మగారికి నా మాటగా చెప్పు. పళ్ళకి రంగు పూసి, గుర్తు ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడ పడేలా బిగించాను. ఇంతకాలం నాది కాదన్నది వినయం కొద్దీ. మంచి పనివాడు తన పని గురించి తానే చెప్పుకోడు.

ఆదివారం బండి తీసుకురా. ఆ పల్చటి రేకు కోసం నిన్నటి నుంచీ షెడ్డు తుక్కంతా జల్లిస్తున్నాను. దొరక్కపోతే ఇంకోటి కోస్తాను. ఏమాత్రం మందం ఉండేదో నీకేమైనా గుర్తుందా? ఉంటే రాసి ఈ కండక్టరు చేతికే ఇచ్చి పంపు, చదివేటప్పుడు ప్రయాణికుల్ని బస్సు దిగవద్దని చెప్పు.

ఇట్లు,
ఊఁ మేస్త్రీ

తా.క. ఈలోగా లోడు పడితే బెంగపడకు. చెల్లాయీ నువ్వూ చెరో కిటికీ పక్కనా కూర్చుని పట్నం దాకా నోటితోనే లాగించండి. శ్రుతి మీ ఇద్దరికీ బాగా తెలుసు.