వెలగకూడని నాలుగో సీసా

ప్రియమైన పిన్నీ,

ఫోనులో చెబుదామంటే నీ నూలు రంగు తొట్ల దగ్గర మోటారు చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోతాయి. అందుకే ఉత్తరం.

మూడు నెలల శిక్షణకు వచ్చిన ఈ ల్యాబ్‌లో నా పనేమిటో నాకిప్పటికి అర్థమైంది. టీవీ, ఫోను తెరల్లో రంగుల కోసం అర్ధవాహకాల స్ఫటికాలు వాడతారు. వెంట్రుక మందంలో పదివేలు పక్కపక్కనే పడతాయి, అంత చిన్నవి. పదార్థం మారదు, స్ఫటికపు గింజ పెరిగేకొద్దీ రంగు మారుతుంది. చిన్నది నీలం, పెరిగితే ఆకుపచ్చ, ఇంకా పెరిగితే పసుపు. అది చదివిన రోజు "పరిమాణం" అన్న మాట ఎంత బాగుందో అనిపించి నోట్‌బుక్‌లో మూడుసార్లు రాసుకున్నాను.

వీటిని మామూలుగా సలసల కాగే ద్రావకాల్లో చేస్తారు. మేం పొయ్యి కూడా వెలిగించం. నీళ్లలో కాడ్మియం లవణం, ఒక అమైనో ఆమ్లం, కాస్త ఎంజైమ్, అంతే. ఎంజైమ్ ఆ ఆమ్లంలోని గంధకాన్ని కొంచెం కొంచెంగా విడిపిస్తుంది. అది కాడ్మియంతో కలిసి గింజ కడుతుంది. గింజ మరీ పెరిగిపోకుండా పట్టుకునేదీ ఎంజైమే.

నిన్న అతినీలలోహిత దీపం వేస్తే నా మూడు సీసాలూ పసుపుగా వెలిగాయి. అన్నం తినడం మర్చిపోయాను.

నీ పిచ్చుక


పిచ్చుకా,

కాడ్మియం విషం కాదుటే? మా పాత రంగుపొడి డబ్బా మీద ఆ పేరు పక్కనే పుర్రె బొమ్మ ఉండేది. చేతులకి తొడుగులు వేసుకుంటున్నావా లేదా, ముందది రాయి. అన్నం సంగతి మీ అమ్మకి చెప్పనులే.

ఇంకో సందేహం. ఆ ఎంజైమ్ వెయ్యకుండా మిగతావన్నీ కలిపి చూశావా? ఏటా ఒకడొస్తాడు, తన పొడి కలిపితే రంగు వెలిసిపోదంటాడు. పొడి కలపని రంగులో ముంచిన నూలు చుట్ట కూడా పక్కన ఆరేసి చూపించరా అంటే సంచీ సర్దుకుంటాడు. నువ్వు అలా సర్దుకోకూడదు మరి.

మీ పిన్ని, మోచేతుల దాకా నీలం


ప్రియమైన పిన్నీ,

తొడుగులు వేసుకుంటున్నాను, రెండు జతలు.

నువ్వు అడిగిందే ల్యాబ్ నడిపే మేడం కూడా అడిగారు. నాలుగో సీసాలో ఎంజైమ్ వేయలేదు. అది నీళ్లలాగే ఉండిపోవాలి. కానీ వెలిగింది. మళ్లీ చేశాను, మళ్లీ వెలిగింది. పక్క బల్ల దగ్గరి సీనియర్ "నీ ఎంజైమ్ దండగ" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను, తర్వాత బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

శుక్రవారం మూడోసారి చేయమన్నారు మేడం. అప్పుడూ వెలిగితే ఈ పని ఆపేసి, మిగిలిన నెల నన్ను వేరేవాళ్ల యంత్రం దగ్గర కూర్చోబెడతారట. పిన్నీ, ఇన్నాళ్లూ పరీక్షల్లో ఎవరో ఇచ్చిన ప్రశ్నలకే జవాబులు రాశాను. నాకంటూ దొరికిన మొదటి ప్రశ్న ఇది.

తప్పెక్కడో దొరకడం లేదు. నీళ్లు మార్చాను. లవణం కొత్త డబ్బాలోంచి తీశాను. తూకం రెండుసార్లు చూశాను. సీసాలు సబ్బుతో కడిగి, మన దగ్గర చేసినట్టే తిప్పి పారబోసి, నాలుగింటినీ ఒకేలా చూశాను.

నీ పిచ్చుక


పిచ్చుకా,

"మన దగ్గర చేసినట్టే" అంటే? నీకు ఎనిమిదేళ్లప్పుడు నేనే నేర్పాను. కొత్త తొట్టి నింపే ముందు నిన్నటి రంగునీళ్లు చెంబెడు పోసి, తిప్పి, పారబొయ్యి, రెండు వాయిల రంగూ ఒకేలా వస్తుందని. ఆ సీసాలని కూడా నిన్నటి సీసా నీళ్లతో తిప్పావు కదూ? వెలగకూడనిదాన్ని కూడా?

అయితే నీ నాలుగో సీసాలో ఎంజైమ్ ఉంది తల్లీ. నువ్వే పోశావు, పొయ్యడం నేర్పింది నేను.

శుక్రవారం దాకా ఆగకు. గుట్టుగా శుభ్రంగా కడిగేసుకుని ఏమెరగనట్టు నిలబడనూ వద్దు. ముందెళ్లి మీ మేడంతో చెప్పు. తిడితే పడు. మా పిన్ని నేర్పిందని చెప్పు, సగం తిట్లు నా మీదికొస్తాయి.

పిన్ని


ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. మేడం తిట్టలేదు. నోట్‌బుక్ తీసుకుని, సీసాలు తిప్పిన సంగతి ఎక్కడ రాశావని అడిగారు. ఎక్కడా రాయలేదు. ఊపిరి పీల్చానని ఎవరైనా రాస్తారా, ఇదీ నాకు అలాంటిదే అన్నాను. "రాయనిది వెతికినా దొరకదు" అన్నారు. రెండు నెలల పేజీలు నా చేత్తోనే ఎర్ర గీత పెట్టి కొట్టేశాను.

శుక్రవారం కొత్త సీసాలు, కొత్త గొట్టాలు. మూడు సీసాలు వెలిగాయి, కానీ పసుపు కాదు, లేత ఆకుపచ్చ. నాకు అన్నం మరిపించిన ఆ పసుపు పాత గింజల మీద కొత్త పూత పెరగడం వల్ల వచ్చిందట. నాలుగోది చీకటిగా ఉండిపోయింది. దీపం దగ్గరికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాను. వెలగని సీసాను చూసి సీనియర్ కూడా చప్పట్లు కొట్టాడు.

నన్ను యంత్రం దగ్గరికి పంపడం లేదు. పైగా కొత్త పని వచ్చింది. సీసా గోడలకు అంటుకున్న కాస్త తడిలోని ఎంజైమే ఒక సీసా నిండా గింజలు కట్టిందంటే, అది వాడినంత మాత్రాన అయిపోదన్నమాట. మరి ఎంతదాకా? ఇప్పుడు ఒక సీసా తడితో ఇంకో సీసా, దాని తడితో మరోటి, ఈసారి అన్నీ రాసుకుంటూ చేస్తున్నాను. ఆరో సీసా వెలిగింది, కాస్త నీరసంగా. ఏడోది రేపు.

మేడం నిన్నొకటి అడగమన్నారు. మీ చెంబెడు పాత నీళ్లు అలా వరసగా ఎన్ని తొట్ల దాకా పని చేస్తాయి? నాకు తెలియదన్నాను. నీకు తెలుసా, లేక నువ్వూ ఎప్పుడూ లెక్కపెట్టలేదా?

జవాబు కోసం చూస్తూ,
పిచ్చుక