వేళ్ళతో తియ్యమన్నావు

జూలై 14, ఆదివారం

పూజ్యురాలైన అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ కులాసాయేనని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతి చెబుతాను, తిట్టాలనిపిస్తే తిట్టు.

బావగారు నాటిన పెరటి నేరేడు చెట్టుని నీ మరిది పాడుచేశాడు.

మొదలు చుట్టూ అల్లుకున్న తీగ మానుని కుళ్ళబెడుతుందని, దాన్ని వేళ్ళతో తియ్యమని ఫోనులో అతనికి చెప్పావుగా. చేతి వేళ్ళతో, ఒక్కో తీగనీ మెల్లగా అని నీ ఉద్దేశం. పక్కనున్న నాకే అర్థమైంది. ఈ మహానుభావుడు మాత్రం వేళ్ళతో సహా పెకలించమన్నావనుకున్నాడట! నేను బజారు నుంచి వచ్చేసరికి పార పట్టుకుని చెట్టు చుట్టూ తవ్విపోశాడు. తీగతో పాటు చెట్టు సన్నవేళ్ళన్నీ తెగి కుప్పగా పడున్నాయి. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంత వయసొచ్చినా ఒక్క మాట అర్థం చేసుకోలేవా అని ఇరుగూ పొరుగూ వినేలా తిట్టాను. పార గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆకులు పండిపోయి రాలుతున్నాయి. నర్సరీ అతన్ని పిలిపించాను. తెగిన వేళ్ళని అతికించే మందు లేదన్నాడు. మట్టి కప్పి, నీళ్ళు పోసి, చూస్తూ కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఏమీ చెయ్యలేక ఏడుపొస్తోంది అక్కా.

నీ మరిది సంగతా? గిరాకీ లేదని టైలరింగ్ షాపు మూసే ఉంచుతున్నాడు. ఇంట్లో సూదిలో దారం నన్నే ఎక్కించమంటాడు, చూపు మసకట. చెట్టుకి నీళ్ళు పొయ్యడానికి బకెట్ మోచేతికి తగిలించుకుని వెళతాడు, అదో సోకు.

నువ్వొచ్చేసరికి చెట్టు బతికుండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

నీ చెల్లెలు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఇందాక ఆయన చొక్కా వేసుకుంటుంటే చూశాను. గుండీ పెట్టుకోలేకపోతున్నారక్కా. జన్మంతా గుండీలు కుట్టిన మనిషి. నేనే వెళ్ళి పెట్టాను. అప్పుడు చెప్పారు. నీ మాట సరిగ్గానే విన్నారట. ముందు వేళ్ళతోనే పీకి చూశారట, సన్న తీగ పట్టు చిక్కలేదట. పార కర్రయితే గుప్పిట్లో ఆగిందట. చేతకానివాడనిపించుకోవడం కంటే మాట తెలియనివాడనిపించుకోవడమే నయమనుకున్నారట. నరాల జబ్బట. నాకు చెప్పకుండా డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారు. ఆ డాక్టరూ నర్సరీ అతని మాటే చెప్పాడట.