బీరువాలో ఉండిపోయిన గాజు

అనకాపల్లి

ల్యాబు అధికారి గారికి నమస్కారం.

నేను ఇక్కడ ఒక నర్సింగ్‌హోమ్‌లో ఎక్స్‌రేలు తీస్తాను. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి మీ దగ్గర్నుంచి నిన్ననే అందింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. అడిగినప్పుడల్లా మేనేజరుగారు "వత్తాదిలేమ్మా, తొందరేటి?" అనేవారు. అడిగి అడిగి విసిగిపోయాను. కదిలే పిల్లల్ని నేనే పట్టుకుని ఎక్స్‌రేలు తీయించాను. నేను గర్భవతినని అప్పటికి తెలియదు.

గాజు కూడా రేడియేషన్‌ని దాచుకుంటుందనీ, వేడిచేస్తే అది వెలుగై బయటికొస్తుందనీ కాలేజీలో చెప్పారు. అందుకే ఆ రోజులన్నీ నా చేతికున్న గాజులు రెండు తీసి పంపుతున్నాను. "కడుపుతో ఉన్నదానివి, సేతులు బోసిగా ఉంచుతావేటే?" అని మా అత్తగారు వెంటనే కొత్తవి తొడిగారు. ఎందుకు తీశానో ఆవిడకి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు.

కాగితంలో చుట్టిన గాజు అదే డజనులోది. ఎప్పుడూ తొడుక్కోలేదు, బీరువాలోనే ఉండిపోయింది. పోల్చి చూడడానికి పెట్టాను. ఒకసారి వేడిచేస్తే గాజులో ఇంకేమీ మిగలదట కదా, కాస్త జాగ్రత్తగా చూడండి. తిరిగి పంపనక్కర్లేదు.

తేడా ఏమీ లేకపోతే ఇంటికే రాయండి, అందరూ చదువుకుంటారు. ఉంటే మాత్రం ఎక్స్‌రే గదికి, నా పేరున రాయండి.